పదునాఱవ యేఁడు: కావ్యములలోఁ గౌమారాపద

పదునాఱేండ్ల ప్రాయము కవులకుఁ జిరకాలముగా నభిమానవిషయము. ఆ వయస్సు అందముకొఱకు వర్ణింపఁబడినంతగా ఆపదకొఱకు విమర్శింపఁబడలేదు. బాల్యము వదలి యౌవనము పూర్తిగాఁ జేరని యా నడిమి కాలమున మనుజునకుఁ గలుగు చిక్కులెట్టివి, అవి యెవరివలన వచ్చును, వానికి బాధ్యులెవరు అను ప్రశ్నములకు వాఙ్మయ మేమని యుత్తర మిచ్చుచున్నదో పరిశీలింపఁదగును. లోకమున నొక యభిప్రాయము రూఢమై యున్నది: అది పొగరుప్రాయమనియు, చెడుటకుఁ గారణము వయోధర్మమే యనియు, పెద్దలు చేయవలసినదెల్ల మందలించి త్రోవఁ బెట్టుటయే యనియు. దీనికిఁ గావ్యములే సాక్ష్యమని చెప్పుటయుఁ గలదు. కాని బాణుని కాదంబరిని, భారతమున ద్రోణపర్వమును, గురజాడ అప్పారావు కన్యాశుల్కమును చేరఁ బెట్టి చదివినచో నా సాక్ష్యము వేఱుగాఁ దేలును. ఆపద తొలుత బాలుని స్వభావమునఁ బుట్టదు. లోనికిఁ బోవు దారి నేర్పి వెలికి వచ్చు దారి నేర్పని పెద్దలవలనఁ బుట్టును. అంతియ కాదు, బాలుఁడు తన కొఱఁతను తన నోటనే చెప్పుకొనును. దానిని విన్నవారుండరు.

పూర్వపక్షమునకు మొదటి యాధారము కాదంబరిలోని శుకనాసోపదేశము. యౌవరాజ్యాభిషేకమునకు ముందు మంత్రియగు శుకనాసుఁడు చంద్రాపీడునకుఁ జేసిన యీ హితబోధ సంస్కృతపాఠశాలలలోఁ దఱచుగాఁ జదువఁబడునది. అందు యౌవనము సూర్యునికిని దీపమునకును లొంగని చీఁకటిగా నిరూపింపఁబడినది. దీనినిబట్టి బాణుఁడు వయస్సునే దోషిగా నిలిపెనని చెప్పువారు గలరు. ఉపదేశమును ఆమూలాగ్రముగాఁ జదివినవారికి దాని కొలఁత మఱియొకవిధముగాఁ గానవచ్చును. వయస్సును గూర్చినవి కొన్ని వాక్యములు మాత్రమే. అధికభాగము రాజ్యలక్ష్మి చాంచల్యమును గూర్చినది. తరువాతిభాగము లేని గుణముల నారోపించి పొగడి తమ పనులు నెఱవేర్చుకొను ధూర్తులను గూర్చినది. చీఁకటి యున్నదనుట యొకమాట. ఆ చీఁకటిలో గోతులు త్రవ్వువారున్నారనుట వేఱొకమాట. శుకనాసుఁడు రెండును జెప్పెను. లోకము మొదటిదానినే జ్ఞాపకముంచుకొనెను.

అంతకంటె గమనింపవలసినది ఉపదేశమునకుఁ బూర్వకథ. తారాపీడుఁడు కుమారుని చదువుకొఱకు నగరమునకు వెలుపల సిప్రానదీతీరమున విద్యామందిరమును గట్టించెను. చుట్టును బ్రాకారము, పరిఖ. బాలునకు వెలికిఁ బోవు వీలు లేదు. ఆఱవయేట నందుఁ బ్రవేశించిన చంద్రాపీడుఁడు మంత్రిపుత్రుఁడగు వైశంపాయనునితోఁ గూడఁ బెరిగి, పదేండ్లు చదివి, పదునాఱవయేట వెలువడెను. నేఁటి వసతికళాశాలలను సమర్థించువారికిది యనుకూలముగాఁ దోఁపవచ్చును. కాని బాణుఁడు గోడలను గట్టించి యూరకుండలేదు. రాజు ప్రతిదినమును విలాసవతితోఁ గూడ, కొలఁదిపాటి పరిజనముతో, అచ్చటికే పోయి కుమారునిఁ జూచుచుండెనని వ్రాసెను. సామ్రాజ్యభారము వహించినవాఁడు దినదినమును బిడ్డ ముఖము చూచుటకుఁ దీఱిక చేసికొనెను. తోడుగాఁ జెలికానిని నుంచెను. గోడను గ్రహించి యీ రాకపోకలను విడిచినవారు బాణుని సగమే చదివినవారు.

చంద్రాపీడుఁడు పదునాఱవయేట విద్యామందిరము వెడలెను. అభిమన్యుఁడు పదునాఱవయేట లోకమునే వెడలెను. ఆ సంఖ్య వ్యాసభారతమున యాదృచ్ఛికముగా వచ్చినది కాదు. చంద్రుఁడు తన కుమారుఁడగు వర్చుని భూలోకమునకుఁ బంపుచుఁ బదునాఱేండ్లకు మించి యెడఁబాయఁజాలనని గడువు పెట్టెననియు, ఆ వర్చుఁడే అభిమన్యుఁడై పుట్టెననియు ఆదిపర్వమునఁ గలదు. ఇఁక ద్రోణపర్వకథ యెల్లరెఱిఁగినదే. యుద్ధమునఁ బదుమూఁడవ దినమున సంశప్తకులు అర్జునుని దూరముగాఁ గొనిపోయిరి. ద్రోణుఁడు చక్రవ్యూహమును బన్నెను. తెలుఁగునాట దానికిఁ బద్మవ్యూహమనియే ప్రసిద్ధి. దానిని భేదింప నేర్చినవారు అర్జునుఁడు, కృష్ణుఁడు, ప్రద్యుమ్నుఁడు, అభిమన్యుఁడు అను నలువురే. ధర్మరాజు బాలునిఁ బిలిచి భారమంతయు నాతనిపై మోపెను.

అట్లు మోపుచు ధర్మరాజు చెప్పిన హేతువును విమర్శకులు తఱచుగా దాఁటిపోవుదురు. అర్జునుఁడు తిరిగివచ్చి తమ్ము నిందింపకుండునట్లు చేయుమని యాతఁడు కోరెను. సైన్యము నశించుచున్నదను భయము న్యాయమైనదే. దానితోఁబాటు పెద్దలకు మాట రాకుండఁ గాపాడు భారము గూడ బిడ్డ భుజములపైఁ బడినది. తెలుఁగిండ్లలోఁ బరువు అను మాటకుఁ గల బరువెట్టిదో యెఱిఁగినవారికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము వలదు.

దానికి అభిమన్యుఁ డేమనెను? వ్యూహము చొచ్చుట తండ్రి తనకు నేర్పెననియు, ఆపద వాటిల్లినచో వెలువడుట తా నెఱుఁగననియు స్పష్టముగాఁ జెప్పెను. ధర్మజుఁడు త్రోవ తెఱచి యిమ్మని, తాము వెనువెంటనే వత్తుమని పలికెను. భీముఁడును నట్లే చెప్పెను. సారథియగు సుమిత్రుఁడు ఇది మోయరాని భారమని వారించెను. అప్పుడు గాని బాలుఁడు నవ్వి ఇంద్రునినైన నెదిర్తునను ధోరణిలోఁ బలుకలేదు. పొగరుప్రాయమనువారు ఈ కడపటి పలుకులనే యుదాహరింతురు. వరుసను జూడవలదా? మొదట నున్నది తన కొఱఁతను గూర్చిన నిజము, పిదప పెద్దల యభయము, ఆపై నుత్సాహము. పొగరు మొదటిది కాదు, మూఁడవది. అది యభయమునుండి పుట్టినది.

అభయ మిచ్చినవారు కపటులు గారు. వారు వెంట నడిచిరి. వరబలము గల సైంధవుఁడు వారిని ద్వారముననే నిలిపివైచెను. నమ్మినవాఁడు లోపలను, నమ్మించినవారు వెలుపలను మిగిలిరి. ఈ కథ విషాదత్వ మంతయు నిందే యున్నది. ప్రేమ గలవారు, ధర్మమెఱిఁగినవారు, మాట నిలుపుకొనఁ గోరినవారు సైతము తమ చేతఁగాని దానికిఁ బూఁటపడి బిడ్డను లోనికిఁ బంపిరి. తరువాత ధర్మరాజు విలపించుచు, భోజనమున, వాహనమున, శయ్యయందు, ఆభరణములందు ముందు నిలుపవలసిన బాలుని యుద్ధమున ముందు నిలిపితిమని యొప్పుకొనెను. ఇంతకంటెఁ దీక్ష్ణమైన యాత్మవిమర్శ భారతమునఁ గొలఁదిగా నుండును. అర్జునుఁడు తిరిగివచ్చి నిందింపనే నిందించెను. ఏ నిందకు వెఱచి బాలునిఁ బంపిరో యా నిందయే బాలుఁడు పోయిన పిదప వచ్చి చేరెను.

ఇచ్చట నొక పాఠభేదము చర్చింపఁదగినది. అభిమన్యుఁడు గర్భస్థుఁడై యుండఁగా వ్యూహకథ సుభద్రకుఁ జెప్పఁబడెననియు, నడుమ నామె నిద్రపోయెననియు, కడుపులోని శిశువే ఊఁ కొట్టెననియు, కథ యంతటితో నాఁగుటచే వెలువడు మార్గము తెలియలేదనియు జనశ్రుతి. తెలుఁగునాట నిది యెంత మధురముగాఁ జెప్పుకొనఁబడునో చెప్పనక్కఱలేదు. కాని ద్రోణపర్వమున అభిమన్యుఁడు తనకు నేర్పినవాఁడు తండ్రియనియే చెప్పును. కథ జనుల నోటఁ బడునప్పటికి లోపము తండ్రి బోధనుండి తల్లి నిద్రకు మాఱినది. చెప్పక విడిచిన గురువు తప్పించుకొనెను. అలసి కనుమూసిన తల్లి తప్పు మోసెను. బిడ్డ కేదైన హాని కలిగినప్పుడు ఇంటివారు మొదట తల్లినే నిలఁదీయుట యీనాఁటికిని గలదు. కావున నీ మార్పు పుట్టిన మార్గమును గుర్తించుట కష్టము గాదు. ఐనను జనశ్రుతియం దొక సత్యము మిగిలియున్నది: ఊఁ కొట్టినవాఁడు శిశువే. వినుట పిల్లలకుఁ జేతనగును. పెద్దలకుఁ జేతనగునా యనుటయే ప్రశ్నము.

భారతమునుండి కన్యాశుల్కమునకు వచ్చుట శిఖరమునుండి సంతకు దిగివచ్చినట్లుండును. పద్మవ్యూహము పోయి విజయనగరపు వీథి వచ్చినది. అభిమన్యుఁడు పోయి పరీక్ష తప్పిన వెంకటేశము వచ్చినాఁడు. కన్యాశుల్కము 1892 సంవత్సరమున మొదట నాడఁబడి, 1897లో ముద్రితమై, 1909లోఁ జాలవఱకుఁ గ్రొత్తగా వ్రాయఁబడినది. దానిని గూర్చిన విమర్శలలో గిరీశమునకును మధురవాణికిని దక్కినంత స్థలము వెంకటేశమునకు దక్కలేదు. ఆ పిల్లవాఁడు గిరీశము మాటలకు బదులు పలుకుటకై నిలిపిన కొయ్యబొమ్మగా భావింపఁబడెను. ఇది పాత్రకు జరిగిన యన్యాయము.

తొలిరంగమున వెంకటేశము ముఖము వ్రేలవైచికొని వచ్చును. పరీక్ష పోయినది, ఉపాధ్యాయుఁడు తిట్టెను. గిరీశ మాతనిని ఆంగ్లమహాకవి పేరు పెట్టి పిలిచి పలుకరించును. అప్పుడు పిల్లవాఁడు చెప్పిన మాటకు నాటకమునఁ గడు ప్రాధాన్యము గలదు: తనకు గిరీశమువలన నబ్బినది చుట్ట కాల్చుట యొక్కటే యనియు, పాఠ మడిగిన కబుర్లే గాని యొక్కనాఁడును జెప్పలేదనియు. ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వుటకుఁ దగినదే, కాని యది యభిమన్యుఁడు ధర్మరాజుతోఁ జెప్పిన మాటకు దూరమైనది కాదు. తన చదువులోని లోప మేదో, అది యెవరివలన వచ్చెనో బాలుఁడే గుర్తించి చెప్పినాఁడు. గిరీశము దానికిఁ దనతో మాటలాడుటయే విద్యయని బదులు చెప్పి, వితంతూద్వాహము, వేశ్యాసమస్య మొదలగు పెద్ద మాటలతో నాతని నోరు మూయించును. అచ్చట అభయము, ఇచ్చటఁ బొగడ్త. రెండింటి ఫల మొక్కటే: బాలుఁడు చెప్పిన నిజము గాలిఁ బోయినది.

గిరీశమునందు దౌష్ట్యముకంటె నాకర్షణ మెక్కువ. ఆతఁడు పిల్లవానిని గొట్టఁడు, తిట్టఁడు, పాఠ మప్పగింపుమనఁడు. తనతో సమానునిఁగాఁ జూచినట్లు నటించును. లోకమునఁ బేరు పొందఁగలవాఁడ వని నమ్మించును. వెంకటేశము చుట్టును నున్నవారిలో నాతనితోఁ దీఱికగా మాటలాడువాఁడు గిరీశ మొక్కఁడే. ఉపాధ్యాయుఁడు తిట్టును, తండ్రియగు అగ్నిహోత్రావధానులు డబ్బు లెక్క చూచును, తల్లి ముద్దు చేయును. ఆ ఖాళీయందు గిరీశము చోటు చేసికొనెను. ఆ స్నేహమునకు వెల గూడఁ గలదు. పుస్తకములకని తల్లివలన సొమ్ము రాఁబట్టుటకు గిరీశము వ్రాయించిన పట్టికలో నున్న పుస్తకములతోఁ బాటు లేని పుస్తకములును జేరినవి. సొమ్ము తల్లిది, చేయి పిల్లవానిది, చుట్టలు గిరీశమువి. పిల్లవాఁడు మోసపోవుటయే గాక మోసమునందుఁ బాలివాఁడును నగుచున్నాఁడు. కౌమారమున నిదియే మిక్కిలి ప్రమాదకరమైన స్థితి. తానును దప్పు చేసితినను నెఱుకవలన వాఁడు తరువాత నెవరితోడను జెప్పుకొనఁజాలఁడు.

కృష్ణరాయపురాగ్రహారమున జరిగిన యింగ్లీషు సంభాషణఘట్టము ఈ చిత్రమును బూర్తి చేయుచున్నది. కుమారుఁ డింగ్లీషు మాటలాడఁగా విని యానందింపఁ దల్లి కోరిక. గురుశిష్యులు శిశుగీతపు ముక్కలను, పొంతన లేని వాక్యములను నతికి గడగడ వల్లింతురు. వెంకమ్మ మురిసిపోవును. ఆమె మూర్ఖురాలు గాదు. బిడ్డ బాగుపడునను నాస గలది. ఆ భాష యామెకుఁ దెలియదు గావున, ధ్వనియే విద్యగాఁ దోఁచినది. అవధానులును దన వ్యాజ్యపు కాగితముల పని జరుగునను నాసచే గిరీశమును భరించును. ఒకరికి మురిపెము, ఒకరికిఁ బని. పిల్లవాని కేమి వచ్చినదని యడిగినవారు లేరు. ఆ యింటనే సుబ్బిని పదునెనిమిది వందల రూపాయలకు ముసలివాఁడగు లుబ్ధావధానుల కీయ నిశ్చయించిరి. బాల్యవితంతువగు బుచ్చమ్మ మూలఁ గూర్చున్నది. ముగ్గురు పిల్లల జీవితములను గూర్చియు పెద్దలే నిర్ణయించిరి. ఒక్కరి యభిప్రాయమైనను అడుగఁబడలేదు.

ఇచ్చట గురజాడ చూపిన మఱియొక బాలునితోఁ బోల్చి చూచిన విషయము స్పష్టమగును. కరటకశాస్త్రి శిష్యుఁడు ఆడువేషము వైచికొని లుబ్ధావధానులకుఁ బెండ్లికూఁతురుగాఁ బోవును. పైకిఁ జూడ వెంకటేశము స్థితికంటె నిది యనేకరెట్లు ప్రమాదకరము. ఐనను ఆ పిల్లవాఁడు క్షేమముగా వెలువడెను. కారణమేమి? కరటకశాస్త్రి నటుఁడు; పాత్రప్రవేశముతోఁబాటు నిష్క్రమణము గూడ నుండవలెనని యెఱిఁగినవాఁడు. పెండ్లి యెట్లు జరుపవలెనో యాలోచించినపుడే శిష్యుఁ డెట్లు తప్పించుకొని రావలెనో యాలోచించెను. ఆతని పని నిర్దోషమని చెప్పరాదు. అది తెచ్చిన చిక్కులు కోర్టువఱకుఁ బోయినవి. కాని బాలుని లోనికిఁ బంపువానికి వెలికిఁ దెచ్చు బాధ్యతయుఁ గలదను నొక్క విషయమున ధర్మరాజునకంటె నీ నాటకగాఁడు జాగ్రత్తపడెను.

వెంకటేశము చావలేదు, చెడిపోయెనని నాటకము చెప్పలేదు, హాస్యపాత్రపై నింత బరువు మోపుట తగునా యని యాక్షేపింపవచ్చును. హాస్యము తీవ్రతకు విరోధి గాదు. నాటకాంతమున బుచ్చమ్మకు శరణాలయ మేర్పడును. గిరీశమునకుఁ జదువుకొమ్మను నాజ్ఞ యగును. లుబ్ధావధానులు విడుదలకుఁ ద్రోవ దొరకును. వెంకటేశము చదువేమయ్యెనో నాటకము తేల్చి చెప్పదు. అందఱి లెక్కలు తీర్చిన కవి యాతని లెక్కను దీర్పక విడుచుట మఱపు కాకపోవచ్చును. ఆ లెక్క ప్రేక్షకులు తీర్పవలసినది.

ఆ లెక్క నేఁటికిని దీఱలేదు. 2019 ఏప్రిలులోఁ దెలంగాణమున ఇంటర్మీడియెట్టు పరీక్షాఫలితములు వెలువడినప్పుడు అంకెలలోఁ దప్పులు దొరలినవి; ఆ దినములలో 20 మందికిఁ బైగా విద్యార్థులు ప్రాణములు దీసికొనిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించి విచారింపించినది. తప్పినవారి పత్రములన్నియు మరలఁ బరిశీలింపఁబడినవి. తెలుఁగు పత్రమున సున్న వచ్చినదని ప్రకటింపఁబడిన యొక బాలికకుఁ బునఃపరిశీలనమున 99 మార్కులు వచ్చినవి. తెలుఁగు బోధించువారు మఱవరాని సంఖ్యలివి. తాను బాగుగా వ్రాసితినని యా బాలిక చెప్పినప్పుడు నమ్మఁదగినది కాగితమా, బాలికయా? జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారము 2022లో దేశమున నాత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మంది. ఈ మరణములకుఁ గారణము లనేకములు. పరీక్ష యొక్కటే యని చెప్పరాదు. కాని ప్రతిదానియందును, ఎవరికో చెప్పఁబోయి చెప్పలేకపోయిన మాట యొకటి యుండు ననుట సాహసము గాదు.

పాలకులును న్యాయస్థానములును నిప్పుడిప్పుడే యీ దారి నాలోచించుచున్నవి. 2024 జనవరిలోఁ గేంద్రవిద్యాశాఖ శిక్షణకేంద్రములు 16 ఏండ్లలోపు వారిని జేర్చుకొనరాదని సూచించినది. 2023లో విశాఖపట్టణమున వైద్యవిద్యాప్రవేశపరీక్షకుఁ జదువుచున్న యొక బాలిక మరణించుటనుండి పుట్టిన వ్యాజ్యమున, 2025 జూలై 25న సర్వోన్నతన్యాయస్థానము పదునైదు మార్గదర్శకములను విధించినది. మార్కులనుబట్టి పిల్లలను వేఱుతరగతులుగా విడఁదీయుట, పదుగురిలో నవమానించుట కూడదను నియమము లందుఁ గలవు. ఇవి పద్మవ్యూహమునకు వెలుపలి ద్వారమును వెదకు ప్రయత్నములు. 2022 అక్టోబరులోఁ గేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను దూరవాణీసేవ యందు, దుఃఖము చెప్పుకొనువారి మాటను దినమంతయు వినుటకే మనుష్యులు నియమింపఁబడిరి. ఇంటను బడియందును వినువారు కొఱవడుటచేతనే వినువారిని వేఱుగా నియమింపవలసి వచ్చెను.

గిరీశమునకును నేఁడు వేఱు రూపము గలదు. ఆతఁడు పిల్లవాని చేతిలోని సెల్ఫోనునందు వసించును. తీఱికగా మాటలాడును, తిట్టఁడు, పొగడును, పెద్ద మాటలతో నోరు మూయించును, తల్లిదండ్రుల సొమ్ము పిల్లవాని చేతనే తెప్పించును. 2025 ఆగస్టులో భారతప్రభుత్వము సొమ్మొడ్డి యాడు అంతర్జాలక్రీడలను నిషేధించుచు శాసనము చేసినది. ఆస్ట్రేలియాదేశము 2025 డిసెంబరునుండి 16 ఏండ్లలోపు వారికి సామాజికమాధ్యమములలో ఖాతాలు కూడదని విధించినది. శాసనము గిరీశమును వీథిలో నిలుపఁగలదు. కాని వెంకటేశము చుట్టును నున్న ఖాళీని శాసనము పూరింపఁజాలదు. ఆ ఖాళీ యున్నంతకాలము మఱియొక గిరీశము మఱియొక వేషమున వచ్చును.

ఈ మూఁడు గ్రంథములును బాఠశాలలకుఁ గ్రొత్తవి గావు. శుకనాసోపదేశమును బాలురకు నీతిగా బోధించుటయు, అభిమన్యుని శౌర్యమును గొనియాడుటయు, గిరీశమునుఁ జూచి నవ్వుటయు నాచారమై యున్నవి. ఆ యుపదేశము కుమారునిఁ బ్రతిదినమును జూచి వచ్చిన తండ్రి కొలువులోనిదని గూడఁ జెప్పవలెను. అభిమన్యుని నోట శౌర్యోక్తులకు ముందు వచ్చిన మాటను గూడఁ జదువవలెను. గిరీశమును జూచి నవ్విన పిదప, చుట్ట తప్ప మఱేమియు నబ్బలేదని చెప్పిన పిల్లవాని ముఖమును గూడఁ జూడవలెను. వెలువడుట యెఱుఁగననిన మాట కురుక్షేత్రమున నొకనాఁడు వినఁబడినది. తరగతిగదులలోఁ బ్రతిసంవత్సరమును వినఁబడుచున్నది. దానికి అభయవాక్యముగాని పొగడ్తగాని బదులు గాదు. వెలువడు దారిని జూపుట బదులు. ఆ దారి తెలియనప్పుడు లోనికిఁ బంపకుండుట బదులు.